తప్పనిసరి గడి

బ్రిస్బేన్ నుంచి పదమూడు గంటల దారి.
నేను మోసుకొచ్చినవి రెండు లాప్‌టాప్‌లు, ఒక పోర్టల్,
ఆరు వారాల గడువు.

కుర్రబిన్ షైర్ కౌన్సిలాఫీసు:
రేకుల కప్పు, వాననీళ్ళ ట్యాంకు,
తలుపు పక్కన పాముల కోసం ఒక పార.
జనాభా మూడొందల పన్నెండు.
నేల మాత్రం
మన జిల్లాలు రెండు పరిచినా ఇంకా మిగులుతుంది.

నోలీన్ ఇక్కడ ముప్పై ఒక్క ఏళ్ళుగా గుమాస్తా.
కరణం అనాలి అసలు.
ఆమె చిట్టా ఒక చెక్క సొరుగు,
సొరుగు నిండా అట్టముక్కలు,
ఒక ముక్క మీద పెన్సిలు రాత:
"కుక్క పోయింది. లైసెన్సు ఫీజు అడగొద్దు.
ఇంకా ఏడుస్తున్నాడు."

ఈ మాట పట్టే గడి నా దగ్గర లేదు.
'వ్యాఖ్యలు' అని ఒకటుంది గానీ
రెండొందల అక్షరాలకే నోరు నొక్కేస్తుంది.

మొదటి వారం
రడ్డాక్ అనే పశువుల ఆసామి వచ్చాడు,
టోపీ తీసి, దుమ్ము దులిపి, మర్యాదగా అడిగాడు:
"నా సెల్లుకి కోడ్ పంపుతానంటుంది మీ యంత్రం.
సిగ్నలందే గుట్ట మా ఇంటికి పద్దెనిమిది కిలోమీటర్లు.
కోడ్ ఆయుష్షు పది నిమిషాలు.
గుట్టెక్కి చూసుకుని ఇల్లు చేరేలోపు
చద్దిదైపోతోందమ్మా. ఏం చెయ్యమంటావు?"

కంప్యూటర్ని గుట్ట మీదికి తీసుకెళ్ళమన్నాను.
అన్నాక సిగ్గేసింది.
అతను మాత్రం నిజంగానే ఆలోచించాడు,
ట్రక్కులో చోటుందో లేదో అని.

మూడో వారం డల్సీ ఆంటీ.
పింఛనుదార్లకి ఇంటిపన్నులో తగ్గింపు.
పుట్టిన తేదీ గడి పక్కన ఎర్ర చుక్క,
అది నిండందే పేజీ కదలదు.
"ఎమూలు గుడ్లు పెట్టే రోజుల్లోనట,
అమ్మ చెప్పేది.
మిషన్ వాళ్ళు జులై ఒకటి అని రాసుకున్నారు.
అక్కడి పిల్లలందరం
ఒకే రోజు పుట్టాం."
నవ్వింది. నోలీన్ నవ్వలేదు.

నా సర్టిఫికెట్లో తేదీ కూడా
బళ్ళో వెయ్యడానికి మా పంతులు పుట్టించిందే.
కానీ అది మా నాన్న అడిగితే వేసిన తేదీ.
ఆ తేడా నోటిదాకా వచ్చి ఆగింది.
జులై ఒకటి అని కొట్టాను.
పేజీ కదిలింది.

ఐదో వారం వాన.
ఇక్కడ వానంటే ఆకాశం విరిగి పడటం,
ఎర్రమట్టి జిగటై చక్రాల్ని మింగెయ్యడం.
వాన ముదిరిందా, ఉపగ్రహం ముసుగుతన్నినట్టే.
తెర మీద ఆ చిన్న చక్రం
గానుగెద్దులా అక్కడక్కడే తిరుగుతుంది,
చుక్క నూనె రాదు.

మూసిన దారుల వివరాలు పెట్టేందుకే
ఎంతో మెచ్చుకుని కొన్న పేజీ అది.
నెట్ పోయే ముందు చివరిసారి ఏం చెప్పిందో
ఇప్పటికీ అదే చెబుతోంది, పచ్చటి అక్షరాల్లో:
అన్ని దారులూ తెరిచే ఉన్నాయి.

నోలీన్ గోనెపట్టా నెత్తిన కప్పుకుని
బయటి నల్లబోర్డు మీద సుద్దతో రాసింది.
గొడుగు నేను పట్టుకున్నాను.
తర్వాత రేడియో ముందు కూచుని
ఒక్కో ఇంటినీ పేరు పెట్టి పిలిచింది:
రడ్డాక్, వాగు పొంగింది, పిల్లల్ని బడికి పంపకు.
మెరిల్, నీ మందులు గ్రేడర్ డ్రైవర్ డెస్మండ్ తెస్తాడు.
జాబితా చూసుకోలేదు.
ఎవరినీ మరిచిపోలేదు.

వాన వెలిశాక, ఒంటి వేలితో,
ఆ కుక్క అట్టముక్కని తనే ఎక్కిస్తానంది.
రద్దుకు కారణం: అమ్మకం, బదిలీ, గడువు ముగింపు...
కిందికి, ఇంకా కిందికి జరిపి
అట్టడుగున దొరికింది 'ఇతరములు'.
కళ్ళజోడు సవరించుకుంది.
"ఓహో, మా ఊరు ఇక్కడుందన్నమాట."

ఆ రాత్రి హెడ్డాఫీసుకి నివేదిక:
వాడకం పదకొండు శాతం.
ఎందుకు తక్కువో చెప్పమని మూడు గళ్ళు,
మూడింటికీ ఎర్ర చుక్కలు.
ఎంతసేపు కూచున్నానో తెలీదు.
ట్యాంకులోకి రేకుల మీది నీళ్ళు
ఇంకా ఒక్కొక్క చుక్కే పడుతున్నాయి.